జంపఖానా మీద కూర్చున్న రోజు

విలేకరులు ఉద్యమాల్లో పాల్గొనవచ్చా అని సభల్లో అడుగుతుంటారు. ఠక్కున జవాబు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లెవరికీ మా ఖాలాకు పేపరు చదివి వినిపించే పని పడలేదు.

కార్వాన్‌లో మా ఎదురిల్లు ఖాలాది. ఖాలా అంటే పిన్ని; చుట్టం కాకపోయినా అలాగే పిలిచేదాన్ని. మా అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆవిడే. ఉర్దూ చదువుతుంది, తెలుగు చదవడం రాదు. నేను పత్రికలో చేరినప్పటి నుంచి పొద్దున్నే చాయ్ పెట్టి పిలిచేది. నా వార్త నేనే చదవాలి. మ్యాన్‌హోల్ మూత గురించి రాసినా మస్తు రాసినవ్ బేటీ అని మురిసిపోయేది.

రోడ్డు వెడల్పు కోసం గల్లీలో ఖాలా వైపు ఇళ్లు కూలుస్తామన్నారు. మా వైపువి వదిలేశారు. గల్లీ మొదట్లో ధర్నా టెంటు వేశారు. ధర్నా చేసేవాళ్ల కోసం పరిచిన జంపఖానా మీద విలేకరి కూర్చోకూడదు, టెంటు గుంజ పక్కన నిలబడి రాసుకోవాలి. ఇది మా వృత్తిలో కట్టుబాటు. అలాగే నిలబడ్డాను. నా వార్తలు చూసి అధికారులు కూల్చే ముందు మళ్లీ కొలతలు తీయిస్తామన్నారు. ఖాలాకు మాత్రం అలకే. పరాయిదానిలా అక్కడేం నిలబడ్డావని, రోజూ తన పక్కన చోటు తట్టి చూపించేది.

ఒక మధ్యాహ్నం ఎండకు ఆవిడ చేతిలో ప్లకార్డు వాలిపోయింది. వెళ్లి పక్కన కూర్చుని నేను పట్టుకున్నాను. ఇప్పుడైనా అదే చేస్తాను.

ఎవరో తీసిన ఆ ఫొటో అధికారి దగ్గరికి చేరింది. ఇవి వార్తలు కావు, ధర్నాలో కూర్చున్న మనిషి రాతలు అన్నాడు. కొలతల మాట అటకెక్కింది. మా ఎడిటర్ నన్ను బయట వార్తలు రాయకుండా ఆఫీసులో డెస్కుకు మార్చి, కార్వాన్‌కు ఇంకొకరిని పంపిస్తానన్నాడు. ఎవరినీ పంపలేదు.

కూల్చిన రోజు ఖాలా ఏడవలేదు. ఆవిడ సామాను మా వరండాలో పెట్టాం. మర్నాడు పొద్దున మా వంటింట్లోనే చాయ్ పెట్టి, పేపరు నా ముందు పరిచింది.

"మన గల్లీది యాడుంది? సదువు."

లేదని తెలిసీ పేజీలన్నీ తిప్పాను.

"రాలేదు ఖాలా."

"నా పక్కన కూసున్నవని రాయనియ్యలేదా?"

తలూపాను. ఖాలా చాలాసేపు నా తల నిమిరింది.

"నేనే నిన్ను గా గుంజ కాడ ఉండనియ్యాల్సి ఉండె, బేటీ."

ఇల్లు పోయిన మనిషి, తప్పు తనదే అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు సైదాబాద్‌లో ఒక కిరాయి గదిలో ఉంటోంది. వెళ్లినప్పుడల్లా చాయ్ ఇస్తుంది. పేపరు చదవమని మాత్రం అడగదు.