మంగళవారం కడప దారి

రాగిజావ చల్లార్చి చెంచాతో పాప నోటికి అందించాను. మింగిందనుకున్నాను. కాసేపటికి ఆ జావే ముక్కులోంచి సన్నగా కారింది. పాప దగ్గలేదు, ఏడవలేదు, ఊరికే నా వైపు చూసింది. పిల్లల జ్వరమే కదా, తగ్గుతుందిలే అని అన్ని రోజులూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాట అక్కడ ఆగిపోయింది. వాకిట్లో వెలుతురుకు ఎత్తుకుపోయి, చెంచా కాడతో నాలుక అదిమి చూశాను. గొంతు లోపల, పాలమీద మీగడ కట్టినట్టు, బూడిదరంగు పొర.

అప్పుడు మేము రాయచోటిలో ఉండేవాళ్ళం. మా ఆయనకు రెవెన్యూలో ఉద్యోగం. నెలలో సగం రోజులు క్యాంపులే. ఆ వారమూ ఊళ్ళో లేరు. ఇంట్లో ఉన్నది నేను, మా అత్త, బడికి పోయే కొడుకు, ఇంకా మాటలు సరిగా రాని ఈ కూతురు. పాపను భుజాన వేసుకుని డిస్పెన్సరీకి పరిగెత్తాను. డాక్టరు గొంతు చూశాడు. ఇది కంఠసర్పి, డిఫ్తీరియా అన్నాడు. దీనికి ఇచ్చే సూది మందు ఇక్కడ దొరకదు, పొద్దుటి బస్సుకే కడప పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. అంటుకునే జబ్బు కాబట్టి పెద్దవాడిని కూడా తీసుకుపోయి చూపించమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గడప పక్కన కూర్చుని ఉంది. కడప అనగానే ఒకటే అడిగింది.

"ఈ పొద్దు ఏం వారం?"

మంగళవారమని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మా ఇంట్లో వారాలు గోడమీది క్యాలెండరులో కాదు, మా అత్త నోట్లో ఉండేవి. సాయంత్రం పిల్లలకు ముద్దలు కలిపి పెడుతూ ఏ రోజు కథ ఆ రోజు చెప్పేది. ఆదివారం సూర్యుడిది. ఏడు గుర్రాలున్నా రథానికి చక్రం ఒకటే, అందుకే ఆయన ఎక్కడా ఆగలేడు, ఆగితే ఒరిగిపోతాడు. సోమవారం చంద్రుడు మామ శాపానికి అరిగిపోతాడు, మళ్ళీ కోలుకుంటాడు. శుక్రుడికి ఒక కన్ను పోయింది గానీ, చచ్చినవాళ్ళను బతికించే మంత్రం ఆయన దగ్గరే ఉంది. శనివారం వచ్చిందంటే ఒక కాలు ఈడ్చుకుంటూ వసారా అంతా నడిచి చూపించేది. పిల్లలు కిందపడి నవ్వేవాళ్ళు. బుధవారం కథ మాత్రం చెప్పేది కాదు. మావాడు ప్రతి వారమూ అడిగేవాడు. "అది నువ్వు పెద్దోనివైనాక" అని ముద్ద నోట్లో కుక్కేసేది. గురువు భార్యను చంద్రుడు తెచ్చుకున్న సంగతి అన్నం తినే పిల్లలకు ఎలా చెప్పాలో ఆమెకు తోచేది కాదు.

మంగళవారం కథంటే ఆమెకే ఎక్కువ ఇష్టం. శివుడి చెమట బొట్టు నేలమీద పడి, ఎర్రటి పిల్లవాడు పుట్టాడు. భూదేవి ఎత్తుకుని సాకింది. "నాయన చెమట రాల్చి మళ్ళా తపస్సుకు కూర్చున్యాడు. సాకేది తల్లి. మీ నాయన క్యాంపుకు పోయినట్ల" అని నావైపు ఓరగా చూసి నవ్వేది. తన కొడుకును తను ఎంతైనా అనవచ్చు. నేనంటే ఊరుకునేది కాదు.

ఆ ఎర్రటి పిల్లవాడే పెరిగి కత్తి పట్టాడు. అందుకని మంగళవారం అంటే నిప్పు, నెత్తురు, గాయం. ఆ రోజూ మరుసటి రోజు బుధవారమూ ఉత్తరం దిక్కుకు పయనం కాకూడదు. దాన్ని వారశూల అంటారు, ఆ దిక్కున శూలం నాటి ఉంటుందట. రాయచోటి నుంచి కడప ఉత్తరానికే. అంటే గురువారం దాకా ఆగాలి.

"బేస్తారం పోదురుగానీ" అంది మా అత్త.

నాకు కోపం వచ్చింది. ఏదో అనబోయాను. ఆమె దండెం మీది గౌను వైపు చెయ్యి చూపించింది. అది పాప గౌను. ముందురోజు సాయంత్రం ఎదురింటి నేతగాళ్ళ కోడలు తెచ్చి ఇస్తే నేనే అక్కడ వేశాను.

అప్పుడు తెలిసింది ఆ గౌను సంగతి. పోకూడని రోజున పోవలసి వస్తుందేమోనని అనుమానం ఉంటే, ముందే మంచి రోజు చూసి, ప్రయాణం చేసే మనిషి బట్ట ఒకటి, గుప్పెడు బియ్యం మూటగట్టి ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. దాన్ని ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు పోయినా దోషం లేదు, దారిలో ఆ మూటను తీసుకుని పోవాలి. అది ఇంటికి మాత్రం తిరిగి రాకూడదు. సోమవారం పొద్దున్నే మా అత్త ఆ పని చేసి వచ్చింది. నేను ఇంకా పిల్లల జ్వరమే కదా అనుకుంటున్నప్పుడు, పాప ఊపిరిలో తేడా ఆమె విన్నది. విని, నన్ను భయపెట్టడం ఇష్టంలేక, ఎదురింటికి మూట మోసింది.

మూట అందుకున్న ఆ ఇంటి ముసలామె ఏదో పనిమీద ఊరికి పోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఏమీ తెలియదు. పాప గౌను మరిచిపోయారనుకుని, శుభ్రంగా ఉతికి, నూలుకు పెట్టే గంజిలోనే ఒకసారి ముంచి, ఆరేసి, మడతపెట్టి తెచ్చింది. ఎంత మంచి పిల్లో అనుకున్నాను. ఆ రాత్రి మా అత్త దండెం చూసి అన్నం వద్దని పడుకుంది. నేను అజీర్ణం అనుకున్నాను.

"పయనం పోయిన గుడ్డ ఇంటికి తిరిగొచ్చినాది" అంది. "అసలు పోకుండా ఉండేదానికంటే అది చెడ్డ."

తర్వాత ఆమె చెప్పింది నేను అంతవరకు ఎవరి నోటా వినలేదు. మా ఆయనకంటే ముందు ఒక కొడుకు ఉండేవాడట. వాడికీ జ్వరమే. పెద్దవాళ్ళు వద్దన్నా వినకుండా మంగళవారం నాడు బండి కట్టించుకుని కడపకు తీసుకుపోయింది.

"పోయేటప్పుడు బిడ్డను ఎత్తుకోని పోతి. వచ్చేటప్పుడు గుడ్డలు ఎత్తుకోని వస్తి" అంది. "అంతే అమ్మీ. ఇంగ చెప్పేదేమీ లేదు."

నేను బి.ఏ. చదివాను. దూరదేశాల వాళ్ళ వారాల పేర్లలోనూ ఇవే గ్రహాలున్నాయనీ, మంగళవారం వాళ్ళకూ యుద్ధదేవుడి రోజేననీ క్లాసులో విన్నాను. అప్పుడు అది సరదాగా ఉండింది. ఆ పొద్దున అదే మాట గుర్తొచ్చింది. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులంతా ఒకే రోజుకు భయపడ్డారంటే ఏదో ఉండి ఉంటుందని అనిపించింది. గౌను గంజికి బిర్రుగా నిలబడి, చేతులు చాచి, లోపల పిల్ల ఉన్నట్టే ఉంది. దాన్ని తీసి లోపల పెట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. బస్సు వేళ దగ్గర పడుతోంది. నేను ఒక తల్లిని, గడప ఇవతలే నిలబడి ఉన్నాను.

నా భుజం మీద పాప ఊపిరి, బావి గిలక మీద తడి తాడు గీచుకున్నట్టు, చప్పుడు చేస్తోంది.

"అత్తా" అన్నాను, "గురువారం దాకా ఇది ఉండదు."

ఆమె లేచి వచ్చి పాప వీపుకు చెవి ఆనించింది.

మామగారు పోయినప్పటి నుంచీ మా ఇంట్లో ఎవరు ఊరికి బయలుదేరినా ఆమె వంటింట్లోకి తప్పుకునేది. తన ముఖం ఎదురు పడకూడదని. నేను వద్దన్నా వినేది కాదు. బయలుదేరినవాళ్ళు వీధి మలుపు తిరిగారని తెలిస్తే గానీ ఇవతలికి వచ్చేది కాదు. ఆ మనిషి ఆ రోజు దండెం మీది గౌను లాగి, అందులో కాస్త బెల్లం పెట్టి మూటగట్టి, చంకలో పెట్టుకుని, నాకంటే ముందు గడప దాటింది. వెనక్కి తిరిగి చూసింది.

"అపశకునాల్లోకంతా పెద్దది నేను. నేనే ముందర పోతాండా. ఇంగ నా యెనక ఏదొచ్చినా చిన్నదే. రా."

మావాడి చెయ్యి పట్టుకుని ఆమె వెనకే నడిచాను. ఎదురింటి కోడలు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఎక్కడికని అడిగింది. తను చేసిన పని ఏమిటో ఆ పిల్లకు ఇప్పటికీ తెలియదు. మా అత్త ఆగి, "గంజి శానా బాగా పెట్టినావు పాపా" అని మాత్రం చెప్పి ముందుకు నడిచింది.

బస్సులో ఎవరో పాపకు ఏమైందని అడిగితే, పండ్లు వస్తున్నాయని మా అత్త చెప్పింది. అంటుజబ్బని తెలిస్తే దింపేస్తారని మా ఇద్దరికీ భయం. అందుకని ఆమె పాపను కిటికీ వైపు తిప్పుకుని, ముఖాన కొంగు కప్పి కూర్చుంది. గువ్వలచెరువు కనుమ దగ్గర బస్సు వేడెక్కి ఆగింది. నీళ్ళు పోసేదాకా అందరూ దిగి నిలబడ్డారు, మేము దిగలేదు. కొండమీద ఎండిన బోదగడ్డి, ఎర్రటి మట్టి. అంగారకుడి రంగు ఇదేనా అని మావాడు అడిగాడు. మా అత్త చెప్పింది, ఇది వాళ్ళమ్మ రంగు అని.

ఆసుపత్రిలో సూది వేశారు. ముందు కొంచెం మందు చర్మం కింద ఇచ్చి చూసి, తర్వాత మిగతాది ఇచ్చారు. మావాడికీ వేశారు. వాడు ఏడ్చాడు, పాప ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఇక చేసేది లేదు, తెల్లారితే తెలుస్తుంది అన్నారు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. శుక్రుడి దగ్గర బతికించే మంత్రం ఉందే, శుక్రవారం ఎందుకింత దూరంగా ఉంది అని ఒకసారి అనుకున్నాను. ఇంకోసారి, శనివారం మా అత్త కుంటి నడక గుర్తొచ్చి, కాలం అలాగే నడుస్తోంది అనుకున్నాను. నిద్రపోతే పాప ఊపిరి ఆగిపోతుందేమోనన్నట్టు మేల్కొని ఉన్నాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా నడుమ నడుమ కలం ఆపి, పక్కన పడుకున్న దాని ఊపిరి వింటున్నాను. ఎంత అలసిపోయినా చెవి మాత్రం పడుకోదు.

తెల్లవారేసరికి తాడు గీచిన చప్పుడు తగ్గింది. నర్సమ్మ చెంచాతో నీళ్ళు పోసింది. ముక్కులోంచి రాలేదు. గొంతు కదిలింది. మా అత్త అది చూసి, స్నానం చేయకుండా, ఏమీ తినకుండా, నేలమీదే ఒరిగి నిద్రపోయింది. తిరిగొచ్చిన మూట పాప తలకింద దిండుగా ఉంది. లోపలి బెల్లానికి చీమలు పట్టాయి.

మావాడు కళ్ళు నులుముకుంటూ ఈ రోజు ఏం వారమని అడిగాడు. బుధవారం అన్నాను. జేజి నిద్రపోతోంది కాబట్టి కథ నువ్వు చెప్పు అన్నాడు. వాడిని ఒక పక్కన, పాపను ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. కష్టమైన భాగం వదిలేశాను.

"బుధుడు పుట్టినప్పుడు చంద్రుడు నా బిడ్డే అన్నాడు, గురువు కాదు నా బిడ్డే అన్నాడు. దేవతలంతా వచ్చి గొడవ పడ్డారు. ఎవరూ వదులుకోవడానికి ఒప్పుకోని బిడ్డ వాడు. ఈ రోజు వాడిది. ఈ రోజు కూడా ఉత్తరానికి పోకూడదు, నాన్నా. మనం ఎక్కడికీ పోవద్దు. జేజి లేచేదాకా ఇక్కడే పడుకుందాం."