కూర్చోవడం కోసం నిలబడిన మా వదిన

మొన్న సాయంత్రం టీవీ ముందు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నానా, మా వదినను ఆమె పార్టీ జాతీయ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారన్న వార్త వచ్చింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఢిల్లీలో ఆమె మెడలో దండలు వేస్తున్నారు, వాళ్లు వేసిన దండ వేసినట్టే ఆమె తీసి పక్కనున్న ఆడవాళ్ల మెడలో వేస్తోంది. నేను చూసి మనసారా మురిసిపోయేలోపే, చర్చకు వచ్చిన ఒక పెద్దమనిషి, ఆవిడకు మొదటినుంచీ కుర్చీ మీదే యావ అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ మొహం, నీకేం తెలుసయ్యా అని టీవీతోనే పోట్లాటకు దిగాను. కాసేపటికి నాకే నవ్వొచ్చింది. ఆయన తెలియక అన్నా, అన్నది అక్షరాలా నిజం. మా వదిన రాజకీయమంతా ఒక కుర్చీ దగ్గరే మొదలైంది. ఆ కుర్చీలో కూర్చున్నది మాత్రం నేను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మెట్రో స్తంభాల ఊసు లేని రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులు ఎట్లా ఉండేవో. గోడ పొడవునా పరుపులు పరిచి, వాటి మీద తెల్ల దుప్పట్లు వేసి, చెప్పులు బయట విడిచి వచ్చినవాళ్లు కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, అమ్మేవాళ్లూ ఎదురుగా కూర్చునే చీరలు విప్పి చూపించేవారు. చీర కొనడానికి వెళ్లామంటే పిల్లల పెళ్లిళ్లు, మోకాళ్ల నొప్పులు, కూరల ధరలు అన్నీ అయ్యాకగాని లేచేవాళ్లం కాదు. తర్వాత షోరూములు వచ్చాయి. అద్దాల కౌంటర్లు, చల్లటి గాలి, కొనేవాళ్లకు గుండ్రటి స్టూళ్లు. అమ్మే ఆడపిల్లలు మాత్రం షట్టరు ఎత్తినప్పటినుంచి దించేదాకా కౌంటరు వెనక నిలబడే ఉండాలి. కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారట, గిరాకీ తిరిగిపోతుందట. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

అట్లాంటి షోరూములోనే వదినా నేనూ పని చేసేవాళ్లం. మాది పోచంపల్లి వైపు నేతపని ఇల్లు. మగ్గం మీద బతకడం కష్టమయ్యాక అన్నయ్య, వదిన గడ్డిఅన్నారంలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. మావారు అబ్దుల్లాపూర్‌మెట్ అవతల సినిమా సెట్టింగులకు వడ్రంగి పనికి వెళ్లి వారానికోసారి వచ్చేవారు కాబట్టి నేనూ వాళ్ల దగ్గరే ఉండేదాన్ని. ఎండాకాలం వచ్చిందంటే పండ్ల మార్కెట్టునుంచి మామిడిపండ్ల వాసన గదిలోకి వచ్చేసేది, కొనకుండానే తిన్నట్టుండేది. మా వదిన పెద్ద గొంతు మనిషి. ఆమె నవ్విందంటే వీధి చివరి ఇస్త్రీ బండివాడు కూడా తలెత్తి చూడాల్సిందే.

నాకు ఆరో నెల పడేసరికి కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టేవి కావు. ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగినట్టై చీరల మూట మీద అట్లా ఒరిగానో లేదో, మేనేజరు చూడనే చూశాడు. నిలబడటం చేతకాకపోతే రేపటినుంచి ఇంటి దగ్గరే ఉండమన్నాడు. కాన్పు ముంగిట ఆ ఉద్యోగం పోతే ఎట్లా అని నాకు దిగులు పట్టుకుంది. వదిన విప్పిన చీర చేతిలో పట్టుకుని నేరుగా యజమాని గదిలోకి వెళ్లింది. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, చెడ్డవాడని చెప్పలేను.

"సార్, గీ చీర మా నాయినసొంటోళ్లు మగ్గం గుంతల కూసొని నేసిండ్రు. నేసెటోళ్లు కూసొని నేస్తరు, కొనెటోళ్లు కూసొని కొంటరు, నడిమిట్ల మేమేం పాపం జేసినం?"

"ఏంటమ్మా నీ గొడవ, ఇది షాపా సత్రమా?" అన్నాడాయన. అన్నాడేగాని వదిన మాట ఆయనకు గుచ్చుకున్నట్టుంది. కౌంటర్ల వెనక ఆడపిల్లలందరూ పని ఆపి వింటున్నారని కూడా గమనించాడు. సాయంత్రం వదినను పిలిచి, రేపట్నుంచి నువ్వు గల్లాలో కూర్చో తల్లీ, ఈ గోల ఇక్కడితో వదిలేయ్ అన్నాడు.

గల్లా అంటే మాటలా! డబ్బు లెక్క చూసుకునే చోటు, కాళ్లకు చక్రాలున్న మెత్తటి కుర్చీ, నెత్తిమీద ఫ్యాను, జీతం కూడా ఎక్కువ. అన్నయ్య సంతోషం పట్టలేక మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు. వదిన గల్లాలో ఉంటే నా ఉద్యోగం కూడా నిలుస్తుందని నాకూ ఆశ పుట్టింది, ఎందుకు పుట్టదు? వదిన మాత్రం బజ్జీ తుంచుతూ, తినకుండా, నా కాళ్లకేసి చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

మరునాడు షాపు తెరిచారు. పెళ్లిళ్ల రోజులు, గిరాకీలు అప్పుడే లోపలికి వస్తున్నారు. వదిన తిన్నగా గల్లా దగ్గరికి పోయింది. కూర్చుంటుందని అందరం చూస్తున్నాం. ఆమె ఆ చక్రాల కుర్చీని వెనక్కి లాగి, షాపు మధ్యలోంచి గరగరమని తోసుకుంటూ వచ్చి నా కౌంటరు వెనక పెట్టి, "కూసో పిల్లా, నేనున్న గద" అంది. నేను భయంతో కూర్చున్నానో, కాళ్లు నిలవక కూర్చున్నానో చెప్పలేను, కూర్చున్నాను. యజమాని ముఖం ఎర్రబడింది, ఇద్దరూ సామాను సర్దుకోండి అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు పట్టుచీరల వైపునుంచి ఒక పిల్ల, గోదాములో మూలపడిన పాత తెల్లదుప్పటి తెచ్చి నేలమీద పరిచి, చీరలు ముందేసుకుని కూర్చుంది. ఆ పిల్ల వెనకే ఇంకొకతె. చూస్తూండగానే అందరూ కింద కూర్చున్నారు. పని మాత్రం ఆపలేదు. రండమ్మా, కూర్చుని చూడండమ్మా అని గిరాకీలను పిలవడం మొదలుపెట్టారు.

గిరాకీలు లేచిపోతారనుకున్నాడు యజమాని. ఒక ముసలావిడ చెప్పులు విడిచి, పమిట నడుముకు చుట్టుకుని దుప్పటి మీద చతికిలబడి, "అబ్బ, ఎన్నేండ్లాయె బిడ్డా గిట్ల కూసొని చీరలు సూడక! గా ఎర్రది ఇటెయ్" అంది. ఇంకేముంది, ఆమె వెంట వచ్చిన పెళ్లివారంతా కూర్చున్నారు. ఆ రోజు అమ్మకాలకు ఏ లోటూ రాలేదు. వారం తిరక్కుండానే ప్రతి కౌంటరు వెనకా ఒక స్టూలు వచ్చింది, మా ఇద్దరినీ ఎవరూ పొమ్మనలేదు. నేను పురిటికి వెళ్లేదాకా ఆ స్టూలు మీద కూర్చునే చీరలు అమ్మాను.

తర్వాత పక్క షాపు పిల్లలు వదినను వెతుక్కుంటూ మా గదికి వచ్చారు. ఆ తర్వాత చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్. మెల్లమెల్లగా అది షాపు పనివాళ్ల సంఘమైంది. ఆ సంఘం కోఠీకి పాకింది, జిల్లాలకు పాకింది, వేరే రాష్ట్రాలవాళ్లూ పిలవడం మొదలుపెట్టారు. గిరాకీలతో మాట్లాడి నేర్చుకున్న ఉర్దూనే ఆమె ఉత్తరాదిలో హిందీ అని దబాయించి మాట్లాడేది. చివరికి పార్టీవాళ్లు ఎన్నికల్లో నిలబడమని అడిగిన రోజు మా ఇంటికొచ్చి పగలబడి నవ్వింది. "ఏందే పిల్లా, గిన్నేండ్లు కూసునుటానికి కొట్లాడితిమి, ఇప్పుడు నన్ను నిలబడుమంటున్నరు!" నిలబడింది, ఓడింది. మళ్లీ నిలబడింది, ఈసారి గెలిచి ఢిల్లీ వెళ్లింది. అన్నయ్య ఆ రోజు కూడా మిర్చి బజ్జీలే తెచ్చాడు, ఆయనకు ఇంకో పండగ తెలియదు.

టీవీలో ఆ వార్త చూసిన మర్నాడు ఉండబట్టలేక దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, వదినకు పెడదామని చీరలు చూడసాగాను. కౌంటరు వెనక పిల్ల స్టూలు మీద కూర్చునే ఒక్కో చీరా విప్పుతోంది. ఇరవై ఏళ్లుండవు. నోరు ఊరుకోదు కదా, ఈ స్టూళ్లు ఎవరు పెట్టించారో తెలుసా అమ్మా అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "పెట్టిచ్చుడేందమ్మా? షాపన్నంక స్టూలు ఉంటది గద."

చివుక్కుమంది. చీర కొనుక్కుని బయటికి వచ్చి, మెట్రో మెట్ల కింద నిలబడే వదినకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను, చూశావా వదినా, నీ పేరు కూడా తెలియదు వాళ్లకు అని. అవతలినుంచి ఆ పాత పెద్ద నవ్వు వినిపించింది. "అట్లన్నదా! మల్లొక్కసారి జెప్పు పిల్లా, ఏమన్నదో." మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వింది. ఎవరో ఆమెను మీటింగుకు పిలుస్తున్నా వినిపించుకోకుండా మూడోసారి కూడా చెప్పించుకుంది.

చెబుతూ చెబుతూ నా బాధ ఎటు పోయిందో పోయింది. పరుపులు పోయాయి, మార్కెట్టు తరలిపోయింది, మామిడి వాసన లేదు, గడ్డిఅన్నారం గదిని నేను వెళ్లి చూసినా గుర్తుపట్టలేను. స్టూళ్లు మాత్రం, ఎవరు పెట్టించారని అడగాల్సిన పనే లేకుండా, ఉన్నాయి. ఎప్పుడొస్తావు వదినా అంటే, ఒస్తనే, జర తీరిక దొరకనీ అంది. ఆమె వచ్చేదాకా ఆ చీర నా దగ్గరే ఉంటుంది.