నా కుడిచేతికి ఏమీ కాలేదు

పదహారేళ్లుగా నేను మోస్తున్న బరువు రెండు వేళ్లది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. అవి పడిపోయాయని ఊరంతా అనుకుంటోంది. అబద్ధం. శుభ్రంగా ఉన్నాయి. ఈ మాట మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు మా ఊరివాళ్లు కాదు కాబట్టి మీకు చెప్పే ధైర్యం వచ్చింది.

అశ్వారావుపేటలో నాకు బోర్డులు రాసే దుకాణం ఉండేది. ట్రాక్టర్ల నంబరు ప్లేట్లు, కిరాణా కొట్ల పేర్లు, అంతవరకే నా విద్య. మనిషి ముఖం గీస్తే గుమ్మడికాయకు మీసం పెట్టినట్టు వచ్చేది. ముఖాలు గీసేది జోగయ్య. అడవి అంచు గూడెం నుంచి వచ్చిన కోయ మనిషి, నా ఈడువాడే, నాతోపాటే పనిచేసేవాడు. అతని పద్ధతే వేరు. ఫొటో ముట్టడు. ఎవరి బొమ్మ గీయాలో వాళ్లింటికి పోయి రెండు రోజులు ఊరికే కూర్చుంటాడు. వాళ్లు తింటున్నా, కోడిని తోలుతున్నా చేతులవంకే చూస్తాడు. ముందు చేతులు గీస్తాడు, ముఖం ఆఖర్న. "మనం చూస్తున్నమంటే మొకం సర్దుకుంటది అన్నా. చెయ్యికి గంత తెలివి లేదు" అనేవాడు.

సంతకం మాత్రం పెట్టడు. బొమ్మ అందులో ఉన్న మనిషిది, గీసినవాడి పేరెందుకని అతని లెక్క. మూల ఖాళీగా ఉంది కదా అని నా పేరు నేనే రాశాను. అక్షరాలు నాకు చక్కగా వస్తాయి మరి.

జోగయ్య గూడెం పోయిన ఒకరోజు హైదరాబాదు ఆఫీసరు ఒకాయన జీపు దిగాడు. గోడమీది ఆరుగురు కోయ ముసలివాళ్ల బొమ్మల ముందు పావుగంట నిలబడ్డాడు. కింద పేరు చదివి, మీరేనా అన్నాడు. నేనేనన్నాను. నోరెందుకట్లా తిరిగింది? తెలియదు. కాదు, తెలుసు. అంతవరకూ నన్నెవరూ మీరు అనలేదు.

బొమ్మలు ప్రదర్శనకు తీసుకుపోయాడు. అంతటితో ఆగితే బాగుండును. నెల తిరక్కుండానే, వచ్చి అందరి ఎదుటా గీసి చూపించాలని కబురు. నాకు గుమ్మడికాయ గుర్తొచ్చింది. కుడిచేతికి ఇంత పసుపు పూసి, గుడ్డ చుట్టుకుని హైదరాబాదు పోయి, నరం పట్టేసి రెండు వేళ్లు పడిపోయాయని చెప్పాను. అయ్యో అని శాలువా కప్పారు. ఒక పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చెయ్యి బాగుంటే అంత మర్యాద దక్కేది కాదేమో!

ఇక ఆ వేళ్లు చాపేదెలా? మా ఆవిడ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది, నూనె రాస్తోంది, భద్రాద్రి రాముడికి మొక్కుతోంది. జోగయ్య, పాపం అన్నకు చెయ్యి పోయిందని, నా వంతు బోర్డులూ తనే రాశాడు.

పదేళ్లకు గానీ జోగయ్యను పెద్ద ఊళ్లు గుర్తించలేదు. గుర్తించీ ఏమన్నారు? ఇతను నన్ను కాపీ కొడుతున్నాడని! పేపర్లోనే రాశారు. తన చెయ్యినే తాను దొంగిలించాడన్నమాట. ఒక్క మాట అంటే అతని పేరు నిలబడేది. నేను నోరు మెదపలేదు. ఛీ, నేనూ ఒక మనిషినేనా?

ఆ వారమే వచ్చాడు. "అన్నా, నీ బొమ్మ గీస్త. రెండు దినాలు నీ కాడ కూసుంట."

రెండు రోజులూ వేళ్లు ముడుచుకుని చచ్చాను. రెండోరోజు సాయంత్రం మా ఆవిడ చాయ్ తెస్తూ గడప తట్టుకుని తూలింది. జారిన గ్లాసును నేను గాలిలోనే పట్టేశాను. కుడిచేత్తో. అయిదు వేళ్లతో. ఆవిడ కాలు చూసుకుంటోంది. జోగయ్య నన్ను చూస్తున్నాడు.

వారానికి బొమ్మ తెచ్చాడు. చాయ్ గ్లాసు పట్టుకున్న కుడిచెయ్యి నిండుగా ఉంది. పైన ముఖం సగమే ఉంది.

"ఏంది జోగయ్యా, మొకం పూర్తి చెయ్యలే?"

"ఎంత గీసినా ఎవరిదో అయితాంది అన్నా. చెయ్యి మాత్రం మంచిగొచ్చింది."

"అవ్" అన్నాను.

"మూలకు జాగా ఉంచిన. పేరు నువ్వే రాయి. నీకు అలవాటే గద."

అంతే. చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ బొమ్మ గోడకు పెట్టి, ఆరేళ్లుగా ఆ చెయ్యి కనబడకుండా పైన క్యాలెండరు తగిలిస్తున్నాను, ఏటా కొత్తది.

ఆ ఆరు బొమ్మలూ జోగయ్యవి. దొంగను నేను. అతను క్షమిస్తాడని రాయడం లేదు. అడిగే ముఖం కూడా లేదు, ఉన్నది సగమే. ఇందాక క్యాలెండరు తీసేసి, ఆ మూల అతని పేరు రాశాను, నా కుడిచేత్తోనే. ఈ కాగితమూ ఆ చేత్తోనే రాశాను. వేళ్లు నొప్పి పుడుతున్నాయి, హాయిగా ఉంది.

వంటింట్లో గిన్నె చప్పుడు. మా ఆవిడ అన్నం కలుపుతోంది. ముందు బొమ్మ చూపించాలా, చెయ్యి చూపించాలా?