ఒక మంచం పాకాల, ఒక మంచం కాట్పాడి

మంగ అనే బిడ్డ సంగతి మొదట నాకు చెప్పింది మా అంగన్‌వాడీ ఆయా చెంగమ్మ. ఎనభైల మొదట్లో పాకాల దగ్గరి ఒక పల్లెకు నన్ను అంగన్‌వాడీ కార్యకర్తగా వేశారు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే చదువు చెప్పి, పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టించాడు. ఆ చదువుకే ఉద్యోగం రావడం స్వామి దయ అని ఈనాటికీ అనుకుంటాను. పిల్లలను తూకం వేయడం, ఆహారం పెట్టడం, ఆడించడం మా పని. మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడడం, నడవడం వయసు ప్రకారం వస్తున్నాయో లేదో గమనించి, రాకపోతే సూపర్‌వైజరుకు తెలపాలి.

“మునెమ్మవ్వ మనవరాలికి రెండో ఏడు సగమైపోయినాది టీచరమ్మా, ఇంకా సంక దిగలేదు,” అన్నది చెంగమ్మ.

పోయి చూశాను. బిడ్డ మొహం కళగానే ఉంది. కాళ్ళు మాత్రం సన్నబడి ఉన్నాయి. నా ఒడిలో నిలబెట్టబోతే మోకాళ్ళు మడత పడిపోయాయి. సర్కారు ఆసుపత్రి డాక్టరు చూసి, జబ్బేమీ లేదనీ, కింద వదిలి ఆడనివ్వాలనీ, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమనీ చెప్పాడు.

వదలకపోవడానికి కారణం మొక్కు. మంగకు ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు ఏడాది నిండకుండానే పోయారు. ఈ బిడ్డ దక్కితే స్వామి కొండ మొదటి మెట్టు దగ్గరే కాళ్ళు నేల మోపిస్తానని మునెమ్మవ్వ మొక్కుకుంది. తొలి పుట్టినరోజుకు పోదామనుకునే లోపల ముసలాయన, అంటే ఆమె భర్త, కాలం చేశాడు. ఏడాది మైల తీరేదాకా కొండెక్కకూడదు. కూలికి పోయే మంగ తల్లికి అవ్వ మాట కాదనడానికి భయం.

“ఇట్లే సంకనేసుకొని పెండ్లిపీటల కాడికి గూడా మోస్తావా యేందవ్వా?” అని చెంగమ్మ ఎకసెక్కమాడింది.

“మోస్తా. నీ సొమ్మేం పోయినాది?” అని కసిరి, మునెమ్మవ్వ నా వైపు తిరిగింది. “డాక్టరయ్య సెప్పినాడని దించితే, రేపు సామికి ఎవురు జవాబు సెప్తారు? నువ్వు సెప్తావా?”

మొక్కు విడవమని చెప్పే నోరు నాకు లేదు. నేనూ శనివారం ఒంటిపూట ఉండేదాన్నే. మొక్కుకున్నప్పుడు ఏమన్నావని మాత్రం అడిగాను. కొండ కాడికి పోయేదాకా నేల తొక్కనీనని అన్నానంది. మరి మంచం మీద ఆడుకోవచ్చా అని అడిగాను. అవ్వ బిడ్డ తల నిమిరింది.

“మంచం సంగతి సామి అడగలా,” అన్నది.

సూపర్‌వైజరు అనుమతితో, కేంద్రం మూశాక కొందరు పిల్లలను మునెమ్మవ్వ ఇంటి వసారాకు తీసుకుపోయేదాన్ని. రెండు నులక మంచాలు జతగా వేశాం. ఒకటి పాకాల స్టేషను, ఒకటి కాట్పాడి. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని, కూత పెడుతూ రైలు నడిపేవాళ్ళు. మంగ మొదట చేతులు చరుస్తూ చూసింది. తరువాత వాళ్ళ వెనక పాకింది. నులక కింద ఊగుతుంటే ఒళ్ళు తూలకుండా కాళ్ళు బిగబట్టాలి. ఆ బిగువే మాకు కావలసింది. దూలానికి కట్టిన తాడు పట్టుకొని లేచిన రోజున మునెమ్మవ్వ కొంగుతో కళ్ళు మూసుకుంది. “పడిపోతాది, పట్టుకోండే!” అని అరిచింది కానీ తాను చేయి చాచలేదు. వేరుశనగ పంట తీసి చెనక్కాయల మూటలు ఇంటికి వచ్చాక వాటిని మంచానికి ఆనించి మెట్లలా పేర్చి ఎక్కించాం. బిడ్డ కాళ్ళలో సత్తువ వచ్చింది. నేల మీద నిలుస్తుందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

ఏడాది తీరాక కొండకు బయలుదేరుతూ నన్నూ పిలిచారు. కొండ కింద అలిపిరిలో మెట్ల ముందు మునెమ్మవ్వ గోవిందనామం చెప్పుకొని బిడ్డను దించింది. ఎరగని నేల కదా, మంగ ఒక కాలు పైకెత్తి ఏడ్చింది. అవ్వ చేతులు ముందుకు పోయి, ఆగిపోయాయి. అంతలో బిడ్డ చూపు మెట్టు మీద పడింది. ఏడుపు మానింది. తూలుతూ నడిచి, మెట్టు మీద రెండు చేతులూ ఆనించి, చెనక్కాయల మూట ఎక్కినట్టే ఎక్కింది. “కూ...” అని రైలు కూత కూడా పెట్టింది.

“సామీ, నీ కాడికే వస్తా ఉండాది. ఇంక నువ్వే పట్టుకో,” అన్నది మునెమ్మవ్వ.

ఆ తరువాతి ఉద్యోగ కాలమంతా, బిడ్డను కింద వదలమని చెప్పబోయే ముందు ఎందుకు వదలడం లేదో అడిగేదాన్ని. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కారణం ఉండేది. చాలా ఇళ్ళలో మంచం వంటి దారి కూడా దొరికింది.

మునెమ్మవ్వ ఇప్పుడు లేదు. మీ ఇంట్లో బిడ్డ మంచమెక్కి గెంతుతుంటే, కసిరే ముందు ఆమెను ఒకసారి తలుచుకోండి.