నీళ్ళు తాగే కర్ర

నేను బాపట్ల పక్కన పుట్టాను. పెళ్ళయ్యాక రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పల్లెకి కాపరానికి వెళ్ళాను. అప్పటికి ఆ వీధిలో ఒక్క ఇంటికీ చెక్కతలుపు లేదు. అందరికీ తాటాకు తడికే. పగలు పక్కకి జరిపి, పడుకునే ముందు దగ్గరికి లాగి తాడుతో కట్టుకునేవాళ్ళు. మా ఇంట్లో ఆ తాడు కూడా లేదు. వెళ్ళిన కొత్తలో నేనే ఒక తాడుముక్క వెతికి కట్టబోతే, మా అత్త వచ్చి నా చేతిలోంచి తీసేసుకుంది. ఎందుకని అడిగాను. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ అడిగాను, నా నోరు ఊరుకోదు కదా. చివరికి మా ఆయన చెప్పాడు.

ఆయనకి ఒక అన్న. నా పెళ్ళికి ఆరేళ్ళ ముందు నలుగురు వెళ్ళిన పడవ గాలివానలో తిరగబడింది. ముగ్గురు శవాలై ఒడ్డుకి కొట్టుకొచ్చారు. మా బావగారు మాత్రం దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోయినట్టు కాదని అత్త నమ్మకం. ఏ ఓడవాళ్ళో ఎక్కించుకుని ఉంటారని, ఏదో దూరపు రేవులో దింపి ఉంటారని అనేది. కర్మ చెయ్యనివ్వలేదు. ఏ వేళప్పుడు వచ్చినా తోసుకుని లోపలికి రావాలని తడిక కట్టనిచ్చేది కాదు. తడిక పక్కనే ఆవిడ పడక.

అలా ఇంకెన్నాళ్ళు గడిచేదో గానీ, మా నైలాన్ వల పోయింది. నూలు వలలు పోయి నైలాన్ వలలు వస్తున్న రోజులవి. మా ఆయన కొత్తగా కొన్నాడు. ముగ్గురం సంతకి వెళ్ళి వచ్చేసరికి తడిక తీసి ఉంది, వల లేదు. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, గట్టి కర్రతో తలుపు పెట్టిస్తానని, లోపల గడియ కూడా పెట్టిస్తానని అన్నాడు.

“తలుపు పెట్టుకో,” అంది అత్త. “బయట గొళ్ళెం పెట్టు, అందరం వెళ్ళేటప్పుడు తాళం వేసుకుందాం. లోపల గడియ మాత్రం వద్దు.”

“గడియ లేని తలుపేంటమ్మా? ఎవడైనా తోస్తే?”

“వాడొచ్చి తలుపు తట్టాలంట్రా? వాడి ఇంటికి వాడు తట్టి రావాలా?”

మా ఆయన గడియ మాట వదిలేశాడు.

కర్ర కొనడానికి తెనాలి వెళ్ళాం, ముగ్గురం. రేపల్లెలో రైలెక్కినప్పటి నుంచి నేను ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, అత్త కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కర్రల అడితి నడిపే సాయిబు గారు పెద్దాయన. ఓపికగా అన్నీ తీసి చూపించాడు. వీధి తలుపుకైతే చేవ ఉన్న కర్ర కావాలని, అంచున తెల్లగా ఉన్న చెక్క పురుగుకి తిండి అవుతుందని, ముడులున్న చోట పగులుతుందని వివరించాడు. వేలితో కొట్టి వినమన్నాడు. బాగా ఆరిన కర్ర గణగణమంటుంది. ఒక టేకు చెక్క తీసి, మీ మనవలు కూడా ఇదే తలుపు వేసుకుంటారన్నాడు.

అత్త అవన్నీ విని చెంబుతో నీళ్ళు అడిగింది. తాగడానికనుకుని తెచ్చిచ్చారు. ఆవిడ ఆ నీళ్ళు టేకు చెక్క కొస మీద పోసింది. జారిపోయాయి. పక్కనున్న ఇంకో రకం చెక్క మీద పోసింది. చూస్తుండగానే ఇంకిపోయాయి.

“ఇది తాగుద్ది. ఇదే కావాలి,” అంది.

మా ఆయన కూడా తలూపాడు. పడవ మనుషుల చూపు అది. పడవ చెక్క నీళ్ళు తాగి ఉబ్బాలి. ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి, నీరు లోపలికి రాదు. వాళ్ళ తాతల నుంచీ కర్రని అలాగే ఎంచుకున్నారు. వాళ్ళకి తెలిసిన మంచికర్ర అదే.

సాయిబు గారు నవ్వలేదు. “అమ్మా, మీరు కొనేది పడవ కాదు. తలుపు పొడిగా బతకాలి,” అన్నాడు.

అత్త వినలేదు. నాకు సాయిబు గారి మాటే సరైందనిపించింది. మా పుట్టింటి పక్కన ఒక మేస్త్రి ఉండేవాడు, ఆయన కూడా అలాగే అనేవాడు. కానీ కొత్త కోడలిని. అన్నిటికీ మాట్లాడే నేను, మాట్లాడాల్సిన ఆ ఒక్కచోట ఊరుకున్నాను.

చెక్కలు కాలువ పడవ మీద ఇంటికి చేరాయి. తలుపు చేసింది పడవలు చేసే వడ్రంగి. మంచి ఎండాకాలం. చెక్కకి చెక్క వెంట్రుక దూరనంతగా బిగించాడు. ద్వారబంధానికీ తలుపుకీ మధ్య కూడా సందు ఉంచలేదు, ఆయన చేతికి అలవాటైన పని అది. వీధివాళ్ళంతా వచ్చి మూసి తెరిచి చూశారు. బయట గొళ్ళెం పెట్టారు. లోపల ఏమీ పెట్టలేదు.

కార్తీక మాసంలో ముసురు పట్టింది. పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. నాలుగో రోజు పొద్దున కాస్త తగ్గితే, నేను ఎండుచేపల గంప ఎత్తుకుని రేపల్లె వెళ్ళాను. మా ఆయన పడవ దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో అత్త ఒక్కతే. నేను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, మళ్ళీ వాన, ఈదురుగాలి. జల్లు కొడుతోందని ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుంది కాబోలు. తోశాను. కదల్లేదు. భుజం పెట్టి తోశాను. నాలుగు రోజుల వాన తాగి తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయింది. అరచేత్తో గట్టిగా కొట్టాను.

లోపల నుంచి అత్త గొంతు వినిపించింది.

“వచ్చావా నాయనా? ఉండు, తలుపు రావట్లేదు. వెళ్ళిపోకు, తీస్తున్నా.”

నాతో కాదు, మా ఆయనతోనూ కాదు. ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు. గంప నెత్తిన అలాగే ఉంది. వాన నీళ్ళు ముఖం మీద కారుతున్నాయి. లోపల ఆవిడ చెక్క అంచు పట్టుకుని గుంజుతున్న చప్పుడు, మధ్య మధ్య “ఉండు, ఉండు” అనడం. ఎంతసేపో తెలీదు. ఆ కాసేపూ నేను ఆవిడకి కొడుకునే. పలికితే ఆ కొడుకుని నేనే చంపినట్టవుతుందని భయం వేసింది.

పలకక తప్పలేదు. “నేనత్తా,” అన్నాను.

లోపల గుంజడం ఆగిపోయింది.

పక్కింటివాళ్ళు గునపం తెచ్చి తలుపు తెరిచారు. అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతుల వేళ్ళూ చీలి నెత్తురు. నన్ను చూసింది, నా వెనక్కి చూడలేదు. నేను పసుపు నూరి వేళ్ళకి పెట్టాను. ఆవిడ చేతులు చాపింది.

వాన వెలిశాక వడ్రంగి వచ్చి, తలుపు ఊడదీసి అంచులు చిత్రిక పట్టాడు. అది ఎండలో ఆరిన మూడు రోజులూ గుమ్మం బోసిగా ఉంది. ఆ మూడో రోజు అత్త మా ఆయన్ని పిలిచింది.

“మీ అన్నకి చెయ్యాల్సింది చేసెయ్యరా.”

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఎందుకిప్పుడని అడిగింది నేను.

“మొన్న నీ గొంతు వినగానే నాకు ఏడుపు రాలేదే పిల్లా,” అంది. “అంతేలే అనుకున్నాను. అంటే నాకెప్పుడో తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ వాడిని గాలిలో నిలబెట్టాను.”

సముద్రపొడ్డున పిండాలు పెట్టారు. అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. వెనక్కి రమ్మని మేం పిలవలేదు.

తలుపు తిరిగి బిగించేటప్పుడు వడ్రంగి మొహమాటపడుతూనే గడియ సంగతి అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. అత్త లేచి వెళ్ళి, గుడ్డపీలికలు చుట్టిన చెయ్యి తలుపు మీద ఆనించింది. భుజం ఎత్తుకి కాస్త కింద.

“ఇక్కడ పెట్టు,” అంది. “ఇంతకంటే పైకి నా చెయ్యి లేవదు.”