మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించిన ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున ట్రామ్‌లో డ్యూటీకి వెళ్తుంటే గ్లాస్గో నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆంటీ అక్కగారి అబ్బాయి. "పిన్ని పోయిందండీ. నిద్రలోనే. ముందు ఎవరికి చెప్పాలా అనుకుంటే మీరే గుర్తొచ్చారు" అన్నాడు. తర్వాతి స్టాప్‌లో దిగిపోయాను. చినుకులు పడుతున్నా అలాగే కాసేపు నిలబడ్డాను. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అవతల ఏడుపు వినబడింది.

ఆంటీ మాకు చుట్టం కాదు. నాటింగ్‌హామ్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు. పెళ్ళైన కొత్తలో కాకినాడ నుంచి ఈ దేశం వచ్చి, జీపీగా పనిచేసి రిటైరైన ఫ్యామిలీ డాక్టరు. పిల్లలు లేరు. భర్త పోయాక ఆ పెద్ద ఇంట్లో తాను కింద ఉంటూ పై వాటా అద్దెకిచ్చేవారు. ఓనర్లు అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించడం కొత్తేమీ కాదు. ఆవిడా మమ్మల్ని పట్టుబట్టి ఖాళీ చేయించారు. ఆ మేలు గురించి నలుగురికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా ఆయనది సాఫ్ట్‌వేర్. ఈ దేశంలో మేం కొన్న మొదటి ఇల్లు లండన్ పక్కన హేస్‌లో స్టేషను దగ్గర కొత్తగా కట్టిన ఫ్లాట్. కర్టెన్లు కుట్టించి ఏడాది తిరక్కుండానే ఆ బిల్డింగు బయటి గోడలకు నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలింది. ఫ్లాట్ల ధరలు పడిపోయాయి. అదే సమయంలో మా ఆయన కాంట్రాక్టు ఆగిపోయింది. పాప మేధ చంటిది, నేను ఇంట్లోనే ఉన్నాను. వాయిదాలు కట్టలేక, చివరికి బ్యాంకును ఒప్పించి, అప్పుకంటే తక్కువ ధరకే ఫ్లాట్ అమ్మేశాం. ఇల్లు పోయింది గానీ అప్పు మొత్తం పోలేదు. మిగిలినది నెలనెలా తీరుస్తామని రాసిచ్చాం.

తాళాలు తీసుకోవడానికి ఏజెంటు వచ్చినప్పుడు మా ఆయన మర్యాదగా నవ్వుతూనే ఇచ్చారు. ఏజెంటు కారు వీధి మలుపు తిరిగాక, పోస్టుబాక్సు తాళంచెవి ఇంకా తన జేబులోనే ఉందని చూసుకుని, కారు వెనకాల పరిగెత్తారు. తిరిగొచ్చాక ఖాళీ హాల్లో గోడకానుకుని కూర్చుండిపోయారు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తండ్రితో వీడియో కాల్ మాట్లాడాల్సి వస్తే వెనక తెల్లగోడ మాత్రమే కనబడేలా చూసుకునేవారు. "ఇల్లెట్లుంది అబ్బా?" అని ఆయనడిగితే "బాగుంది నాయనా" అనేవారు.

నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం దొరికింది గానీ అద్దె ఇల్లు దొరకలేదు. పాత అప్పుల లెక్క చూసే క్రెడిట్ చెక్ దగ్గరే ప్రతి ఏజెంటూ తలుపు మూసేవాడు. ఎవరో తెలిసినవాళ్ళు ఆంటీ సంగతి చెబితే వెళ్ళాం. పట్టపగలు కర్టెన్లన్నీ మూసుకుని టీవీలో స్నూకర్ చూస్తున్నారు. నేత చీర, పైన మగవాళ్ళ కార్డిగన్. "కూర్చోండమ్మా, ఈ నల్లబంతి పడనివ్వండి" అన్నారు. ఆ బంతి పడలేదు. "చేతకాని వెధవ!" అని ఆటగాణ్ణి తిట్టి, అప్పుడు మా వైపు తిరిగారు.

మా ఆయన ముందే చెప్పేశారు. "మా క్రెడిట్ బాగలేదు ఆంటీ. చెక్ చేస్తే ఫెయిలవుతాది."

"నాకు బీపీ చూడ్డం వచ్చు గానీ ఇవన్నీ ఎక్కడొచ్చు నాయనా? సరేగానీ, పాపకి మెట్ల దగ్గర గేటు పెట్టించాలా?"

అంతే. మాకు ఇల్లు దొరికింది.

ఆవిడ అలవాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రిటైరై ఎన్నాళ్ళైనా క్లినిక్‌లో పేషెంట్ల ముందు కూర్చున్నట్టే ఉండేవారు. ఒక విషయం మాట్లాడ్డం అయిపోతే "నెక్స్ట్!" అనేవారు. నేను ఏ దిగులుతోనో కిందికి దిగితే "పది నిమిషాలు. చెప్పు" అని కుక్కర్ పక్కనున్న టైమర్ తిప్పేవారు. అది మోగేది. ఆవిడ దాన్ని ఆపేసి, టీ పెట్టి, మళ్ళీ మొదటినుంచీ వినేవారు. మేం "యాడ", "అట్ల" అంటుంటే ముచ్చటపడి, తానూ అనబోయి తప్పుగా అనేవారు. మేధకు తనను మామ్మ అని పిలవడం నేర్పారు. ఆవిడ గోదావరి తెలుగులో అడిగేవారు, అది ఇంగ్లిష్‌లో జవాబిచ్చేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

"అన్నం తిన్నావుటే?"

"నాట్ యెట్, మామ్మా. ఈజ్ దేర్ పప్పు?"

నాకు ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం వచ్చాక, సాయంత్రం షిఫ్టు పడ్డ రోజుల్లో మేధ కిందే ఉండేది. బడినుంచి వస్తూనే బూట్లు ఆవిడ గుమ్మంలో విడిచేది.

అలా ఏళ్ళు గడిచాయి. హేస్ బాకీ తీరిపోయింది. కొద్దిగా డబ్బు కూడా వెనకేశాం. అయినా మళ్ళీ ఇల్లు కొనే మాట మేమిద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తింది ఆంటీ. ఒకరోజు పేపరు పట్టుకుని గార్డెన్‌లోకి వచ్చారు. "ఇదిగో చూడు నాయనా. డిపాజిట్ తక్కువున్నా పర్లేదుట. బ్యాంకుకి కొంత హామీ గవర్నమెంటే ఉంటుందిట. మీరెందుకు అడక్కూడదు?"

"అది మాలాంటోళ్ళకి కాదులే ఆంటీ" అన్నారు మా ఆయన.

"కాదని వాళ్ళు చెప్పేరా, నువ్వు చెప్తున్నావా?"

ఇంటి అప్పులు కుదిర్చే బ్రోకర్ దగ్గరికి తానే కారులో తీసుకెళ్ళారు. రెండు కార్లు పట్టే చోట అడ్డంగా పార్క్ చేసి, మాతోపాటు లోపలికి కూడా వచ్చారు. బ్రోకర్ ఓపికగల ఇంగ్లిష్ ఆవిడ. ఆరేళ్ళు దాటిపోయాయి కాబట్టి ఆ అమ్మకం తాలూకు మచ్చ ఇప్పుడు మా క్రెడిట్ రికార్డులో లేదని చెప్పింది. మా ఆయన మొహం వెలిగింది. అయితే బ్యాంకులు అడిగే ప్రశ్నల్లో ఒకటుంది. ఎప్పుడైనా, ఏ ఇల్లైనా, అప్పు పూర్తిగా తీరకుండా వదులుకున్నారా అని.

మా ఆయన నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "రికార్డులోనే లేనిది మనమెందుకు చెప్పల్ల? లేదని చెప్పేస్తా."

కిటికీ పక్కన కూర్చున్న ఆంటీ ఇంగ్లిష్‌లో బ్రోకర్‌ను ఐదు నిమిషాలు టైమడిగి, మమ్మల్ని బయటికి తీసుకొచ్చారు. కారు పక్కన నిలబెట్టి మాట్లాడారు.

"ఎప్పుడైనా అనే కదా అడిగేరు?"

"అడిగినారు ఆంటీ. కానీ చెప్తే ఇయ్యరు."

"సిగరెట్లు మానేశాననే పేషెంట్లని బోల్డుమందిని చూశాను. జేబులో ప్యాకెట్ కనబడుతూనే ఉండేది. వాళ్ళమీద నాకు కోపం వచ్చేది కాదు. సిగ్గుతో చెప్పలేకపోతున్నారని తెలిసేది. నువ్వూ అంతే. ఉద్యోగం పోయింది. ఆ గోడలు ఎవడో సరిగ్గా కట్టలేదు. ఇందులో నువ్వు చేసిన నేరం ఏవిటి? ఏం చేశావని దాస్తున్నావు?"

ఆయన లోపలికెళ్ళి, అవునని చెప్పి, జరిగిందంతా వివరించారు.

ఆ బ్యాంకు ఇవ్వలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. "ఆమె మాట విని చెడినాం" అని మా ఆయన నాతో అన్నారు. కింద ఆంటీ ఎదురుపడతారని వెనక తలుపులోంచి వచ్చిపోయేవారు. స్నూకర్ టోర్నమెంట్ మొదలైతే ఆయనా ఆవిడా కలిసి చూసేవారు. ఈసారి ఆవిడొక్కరే చూశారు. నేను ఇద్దరి మధ్యా నలిగిపోయాను. ఆవిడ చెప్పింది సరైనదే అని నాకు తెలుసు. కానీ ఆయన మొహం చూస్తే ఆ మాట నోటికి రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్లమీద అడుగుల చప్పుడు వినబడింది. మోకాలి నొప్పి వచ్చాక ఆంటీ పైకి రావడం మానేశారు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఎక్కుతున్నారు. మా ఆయన లేచి వెళ్ళి చెయ్యందించారు. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాక "ఒకే ఇంట్లో ఉండి మొహం చాటేస్తే ఎలా నాయనా? తిట్టాలనుంటే తిట్టెయ్యి" అన్నారు.

ఆయన ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నారు. "తిట్టేదేముంది ఆంటీ? మా నాయనకే చెప్పలేదు నేను. ఇన్నేండ్లు. మీ మాట విని యెవురో తెలియనోళ్ళకి చెప్పినా. వాళ్ళు వద్దన్నారు."

ఆంటీ మొహం మారిపోయింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. "నాన్నగారికి ఇప్పటిదాకా చెప్పలేదా? అయ్యో, ఇంత బరువు మోస్తున్నావా నువ్వు! బ్యాంకు మాట తరవాత. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి."

ఆయన అక్కడే చేశారు. మామయ్య ఫోన్ ఎత్తగానే "నాయనా, హేస్ ఇల్లు లేదు. అమ్మేసినాం. శానా నాళ్ళైంది" అని ఒక్క గుక్కలో చెప్పేశారు. మామయ్య గొంతు మా అందరికీ వినబడింది. "ఇల్లు పోతే పోనీలేప్పా. ఇదంతా మనసులో పెట్టుకుని ఒక్కనివే తిరిగినావా?"

మా ఆయన ఏడ్చారు. ఆంటీ లేచి వెళ్ళిపోలేదు, ఓదార్చనూ లేదు. మేధను దగ్గరకు పిలిచి దాని జడ విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చున్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నాక "నెక్స్ట్ బ్యాంకు ఏదీ?" అని అడిగారు. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు.

బ్రోకర్ అదే స్కీములో ఉన్న ఇంకో బ్యాంకుకు పంపించింది. వాళ్ళు వెంటనే కాదనలేదు. ఒకావిడ ఫోన్ చేసి ఆ అమ్మకం గురించి గుచ్చిగుచ్చి అడిగింది. మా ఆయన వంటింట్లో నిలబడి, వణుకు లేని గొంతుతో, ఉన్నదున్నట్టు చెప్పడం నేను విన్నాను. అప్పు ఇస్తారో ఇవ్వరో నాకప్పటికి తెలియదు. కానీ ఆ ఫ్లాట్ పోయినప్పటినుంచీ ఆయన అలా మాట్లాడగా వినలేదు. అప్పు మంజూరైంది.

ఆంటీ ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గర్లోనే గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్ళలో ఒక చిన్న ఇల్లు దొరికింది. అప్పుడు వెనక్కి తగ్గింది నేను. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. "ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాం ఆంటీ" అన్నాను.

"మీరెళ్ళిపోతే పైన చప్పుడుండదు. బెంగగానే ఉంటుంది. అది నా బెంగ, నేను చూసుకుంటాను. దానికోసం నువ్వు ఇల్లు మానుకుంటావా? నెలాఖరుకి ఖాళీ చెయ్యండి. ఓనర్ని చెప్తున్నాను."

మేం సామాను దించుతుంటే ఆవిడ మెట్ల కింద నిలబడి, ఏది ఏ పెట్టెలో పెట్టామో అడుగుతూ, సరిగ్గా కట్టలేదని సాధిస్తూనే ఉన్నారు. వ్యాను కదిలాక చూస్తే కార్డిగన్ అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

తర్వాత పై వాటాలోకి విజయవాడ నుంచి వచ్చిన కుర్ర డాక్టర్లు దిగారు. ఆవిడ వాళ్ళనీ తిట్టేవారు, వాళ్ళకీ పప్పు పెట్టేవారు. ఆదివారాలు మాత్రం మా ఇంట్లోనే భోజనం.

మొన్న అంత్యక్రియల దగ్గర నాలుగు మాటలు చెప్పమని ఆంటీ అక్కగారి అబ్బాయి మా ఆయన్ని అడిగాడు. హాలునిండా మన తెలుగువాళ్ళు, ఆవిడ పాత పేషెంట్లు. మా ఆయన ముందుకెళ్ళి, హేస్‌లో ఇల్లు పోగొట్టుకున్న సంగతితోనే మొదలుపెట్టారు. కొందరికి ఇంగ్లిష్‌లో, కొందరికి తెలుగులో, దాచకుండా చెప్పారు. మేధ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక నాకు పదేపదే గుర్తొస్తున్నది ఆ హాలు కాదు, పోయిన వేసవిలో ఒక ఆదివారం. ఈ ఊళ్ళో అరుదుగా కాసేంత ఎండ. భోజనాలయ్యాక ఆంటీ మా వెనక గార్డెన్‌లో మడతకుర్చీ వేయించుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయారు. కాసేపటికి నీడ జరిగి ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడింది. లేపుదామని నేను వెళ్ళబోతే మా ఆయన వద్దని సైగ చేశారు. టీ కప్పుతో అలాగే వెళ్ళి, తన నీడ ఆవిడ మొహం మీద పడేలా కుర్చీ పక్కన నిలబడ్డారు. ఎండ జరిగినప్పుడల్లా తానూ ఒక అడుగు జరుగుతూ, కప్పులో టీ చల్లారిపోయినా తాగకుండా, ఆవిడ లేచేదాకా అలా నిలబడే ఉన్నారు.