ఇంకు పీల్చిన బిళ్ళలు

మూడేళ్ళ డిగ్రీ తర్వాత నాలుగో ఏడు కూడా ఉండి పరిశోధన చేస్తే ఆనర్స్ ఇస్తారు. మా తరగతిలో చాలామంది మూడేళ్ళకే సర్టిఫికెట్ తీసుకుని ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. నేను మెటీరియల్స్ సైన్స్ ల్యాబులో ఉండిపోయాను. ఉండమన్నది అక్క.

"ఏమే, ఉద్యోగం ఏడికి పోతది? ఈ ఒక్క ఏడు చెయ్యి. నాకైతే కుదరలె," అంది.

అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఎల్బీ నగర్‌లో కిరాయి ఇంట్లో నాన్న, అక్క, నేను ఉండేవాళ్ళం. అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పేది. ఆ సందు చివరే చీరలకు ఫాల్, పికో కుట్టే నాన్న దుకాణం.

నా పని చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అల్యూమినా అని ఒక తెల్ల పొడి. స్పార్క్ ప్లగ్‌లో తెల్లగా కనిపించే పింగాణీ భాగం దాంతో చేసిందే. అది గట్టిపడాలంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఇంకో పొడి కొంచెం కలిపితే తక్కువ వేడికే గట్టిపడుతుందా అన్నది నా ప్రశ్న. చిన్న రాతిరోలులో రెండు పొడులూ కలిపి నూరాలి, అచ్చులో నొక్కి రూపాయి బిళ్ళంత చేయాలి, ఫర్నేస్‌లో కాల్చాలి. చల్లారాక బిళ్ళ మీద ఒక చుక్క నీలి ఇంకు వేసి తుడిచి చూస్తాం. లోపల సందులుంటే బిళ్ళ ఇంకు పీల్చుకుంటుంది, మరక పోదు. గట్టిపడి ఉంటే ఇంకు గుడ్డకు వచ్చేస్తుంది, బిళ్ళ తెల్లగా మిగులుతుంది. నావన్నీ నీలంగానే ఉండేవి.

ఫర్నేస్ ఒక్కటే, దాని కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది. పది రోజులకొకసారి నా వంతు వచ్చేది.

వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు దవాఖానలో చేర్చాం. చేర్చిన తొమ్మిదో రోజు నా వంతు పడింది. నేను వెళ్ళనన్నాను.

"నువ్వీడ కూసుంటే నా జ్వరం తగ్గుతదా? పో. వంతు పోతే మళ్ళ పది రోజులు," అంది అక్క. గొంతు చాలా సన్నగా ఉంది. అయినా విసుక్కోవడం మానలేదు. నాన్న టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నాకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. నేను బ్యాగు తగిలించుకుని వెళ్ళాను.

పొడి పని చేసేటప్పుడు ఫోన్ బయట బల్ల మీద పెట్టాలి. అది ల్యాబు నియమం. నూరి, నొక్కి, బిళ్ళలు ఫర్నేస్‌లో పెట్టి, వేడి మొదటి మెట్టు ఎక్కేదాకా చూసి బయటికి వచ్చేసరికి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ నాన్నవి.

కర్మలు అయ్యాక మళ్ళీ ల్యాబుకు వెళ్ళాను. ఆ రోజు పెట్టిన నాలుగు బిళ్ళలను ల్యాబు అటెండర్ తీసి, కాగితంలో చుట్టి, నా పేరు రాసి ఉంచాడు. ఒక్కోదాని మీద ఇంకు వేశాను. నాలుగూ పీల్చుకున్నాయి. విరిచి చూస్తే మధ్యదాకా నీలమే.

అప్పటి నుంచి నాకు డిగ్రీ గురించి పట్టింపు లేదు. ఆ పని నుంచి ఏదో ఒకటి రావాలి, అంతే. అక్క చివరి రోజున నేను పక్కన లేను. ఎందుకు లేవని నన్ను నేను అడిగినప్పుడు చూపించుకోవడానికి ఒకటి కావాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పొద్దున్నే వెళ్ళి నూరేదాన్ని. తిన్నానో లేదో గుర్తుండేది కాదు.

దసరా వచ్చింది. సెలవులకు ముందు రోజు ల్యాబులో మిషన్లన్నిటికీ పూజ చేస్తారు. ఎవరు వాడే మిషన్‌కు వాళ్ళే బొట్లు పెట్టుకోవడం ఆనవాయితీ. అటెండర్ నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. మేమంతా అంకుల్ అంటాం. ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు రేపు రాకు బిడ్డ. మీకు ఏడాది దాక పండుగ లేదు గదా. ఈడంత నేను చూస్కుంట."

నేను రోలు యాసిడ్‌తో కడిగి, బోర్లించిన గిన్నె కింద పెట్టి ఇంటికి వెళ్ళాను. సెలవులయ్యాక వచ్చి గిన్నె తీసి చూస్తే రోలు శుభ్రంగా ఉంది. కడిగిందే కదా అని మళ్ళీ కడగలేదు. నూరుతుంటే పొడి కాస్త పసుపుగా కనిపించింది. ట్యూబ్‌లైట్ వల్ల అనుకున్నాను. నోటు పుస్తకంలో రాయలేదు. కనిపించింది కనిపించినట్టు రాయాలన్నది మాకు మొదటి రోజు నేర్పిన పాఠం.

ఆ పొడితో చేసిన ఆరు బిళ్ళల మీద ఇంకు నిలవలేదు.

మా గైడ్ మేడమ్‌ది గుంటూరు వైపు. చూసి నమ్మలేదు. "ఏదీ, ఇంకో చుక్క వెయ్యి," అన్నారు. వేశాను. తుడిచాను. తెల్లగా ఉంది. "ఇన్నాళ్ళూ ఏడిపించావు కదే నన్ను!" అని వీపు మీద చరిచారు. ఆ వారమే, మార్చిలో జరిగే డిపార్ట్‌మెంట్ సెమినార్‌కు నా పేరు ఇచ్చారు.

సాయంత్రం మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నేరుగా దుకాణానికి వెళ్ళాను.

"వచ్చింది నాన్న."

నాన్న మిషన్ ఆపాడు. "నిజమా? అక్క పోయిన్నాడు పోతివి సూడు, ఆ పనేనా ఇది?"

"అదే పని," అన్నాను.

ఎదురుగా చీరతో నిలబడ్డ ఆవిడతో నాన్న అన్నాడు, "మా చిన్న బిడ్డ కనిపెట్టిందమ్మా."

"ఏం కనిపెట్టిందన్నా?"

"పింగాణీ."

"కప్పులా?"

"కప్పులు గాదమ్మా, మిషన్లల్ల ఏస్తరు. నీకు చెప్తె ఏం సమజైతది, నాకే సమజ్ కాలె."

ఆవిడ నవ్వింది. అక్క పోయాక నాన్న ఒకరిని నవ్వించడం నేను చూడటం అదే మొదటిసారి.

ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తేనే లెక్క. రోలు ఎప్పటిలా యాసిడ్‌తో కడిగి మళ్ళీ చేశాను. ఇంకు పీల్చింది. అదే పొడి, అదే తూకం, అదే వేడి. పీల్చింది. చలికాలమంతా పీల్చింది. సంక్రాంతి సెలవుల్లో ల్యాబు తాళం అడిగి తీసుకుని చేశాను. పీల్చింది. ఆరు బిళ్ళలూ సొరుగులో ఉండేవి. రోజూ తీసి చూసేదాన్ని. ఒకసారి చేతికి వచ్చింది కాబట్టి నా దగ్గరే ఎక్కడో తప్పు ఉంది, దొరికితే చాలు అనుకునేదాన్ని. మెట్రోలో నిలబడి వేళ్ళతో తూకాలు లెక్కపెట్టుకుంటుంటే పక్కనున్నవాళ్ళు జరిగి నిలబడేవాళ్ళు.

ఫిబ్రవరిలో వేరే డిపార్ట్‌మెంట్‌లోని మిషన్ మీద పరీక్షకు అవకాశం దొరికింది. బిళ్ళలో ఏ మూలకాలున్నాయో అది చెబుతుంది. మంచి బిళ్ళ ఒకటి, పాడైంది ఒకటి ఇచ్చాను. రెండింటికీ తేడా ఒక్కటే. మంచిదాంట్లో కాల్షియం ఉంది. నేను కలపలేదు.

కాల్షియం అంటే సున్నం. ల్యాబులో సున్నం ఎక్కడిది? నీళ్ళు చూశాను, సీసాలు చూశాను. మూడో రోజు, ఫర్నేస్ తలుపు మీద దసరా నాటి కుంకుమ బొట్టు ఎండిపోయి కనిపించింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, కుంకుమ అలాగే చేస్తారు. క్షారాల పాఠం అక్క పిల్లలకు దాంతోనే మొదలుపెట్టేది. ఇంట్లో నా ముందు చేసి చూపించి, పాఠం సరిచూసుకునేది.

అటెండర్ దగ్గరికి వెళ్ళాను.

"అంకుల్, దసరాకు నా రోలు ఎవరన్న ముట్టిండ్రా?"

"ఎవరు ముడుతరు? నేనే పూజ జేసిన. అందరు ఎవరి మిషన్లకు వాళ్ళు బొట్లు పెట్టుకున్నరు. నీ రోలుకు పెట్టేటోళ్ళే లేరాయె. పండుగ లేని పిల్ల, పాపమని లోపటంత పసుపు రాసి, కుంకుమ పెట్టిన. మా ఇంట్ల రోలుకు గట్లనే పెడుతం. తెల్లారి తడిబట్టతోని తుడిచి, గిన్నె మళ్ళ బోర్లిచ్చిన. ఏమైంది బిడ్డ?"

"ఏం లేదంకుల్."

"గప్పుడే గదా నీకు మంచిగొచ్చింది," అన్నాడు సంతోషంగా.

రోలు గీతల్లో మిగిలిన ఆ కాస్త సున్నమే నా బిళ్ళలను గట్టిపరిచింది. సున్నం పడితే అల్యూమినా తొందరగా గట్టిపడుతుందని పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. అందులో నాది ఏమీ లేదు. నేను కలిపిన పొడి ఏ పనీ చేయలేదు.

పరీక్ష కాగితం నా బ్యాగులోనే ఉంది. మేడమ్ ఇంకా అడగలేదు. థీసిస్‌కు ఐదు వారాలుంది. ఆ కాగితం చించేస్తే తెలిసేవాళ్ళు లేరు. ఆరు బిళ్ళలు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. మూడు రోజులు ఆ బ్యాగు మోసుకుని తిరిగాను. చించకపోవడానికి నిజాయితీ కారణమని చెప్పుకోలేను. అక్క దగ్గర లేనందుకు నేను చూపించుకోబోయేది దొంగదైతే, అది దొంగదని రోజూ తెలిసేది నాకే. దాంతో బతకడం నావల్ల కాదనిపించింది.

"నేను రోలు సరిగా కడగలేదు మేడమ్. సున్నం కలిసింది," అని కాగితం బల్ల మీద పెట్టాను.

"ల్యాబులో సున్నం ఎక్కడిదమ్మా?"

"తప్పు నాదే మేడమ్."

ఆవిడ ఫర్నేస్ తలుపు వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. సెమినార్ జాబితాలో నా పేరు కొట్టేశారు.

"ఆ ఆరూ తీసెయ్. మిగిలినవన్నీ రాయి. రాలేదంటే రాలేదనే రాయి."

"పాస్ చేస్తారా మేడమ్?"

"చేస్తారు. అంతకు మించి అడక్కు."

అలాగే జరిగింది. ఎండాకాలం మొదట్లో వైవాలో ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన పేజీలు చివరిదాకా తిప్పి, "అంటే మొత్తం మీద ఏమీ తేలలేదన్నమాట," అన్నాడు. "తేలలేదండి," అన్నాను. పావుగంటలో పంపించేశారు.

దుకాణంలో నాన్న ఒక పట్టుచీరకు పికో చేస్తున్నాడు.

"ఏమన్నరు?"

"పాస్ చేసిన్రు."

"మరి ఆ పని?"

"అది రాలె నాన్న. దసరాకు వచ్చిందన్నది గూడ తప్పే. అక్క పోయిన్నాడు చేసిన బిళ్ళలైతే ఒక్కటి గూడ పనికి రాలె."

నాన్న చీరను మిషన్ కింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని అంచు వేళ్ళతో సరిచేశాడు.

"ఆ పొద్దుగాల డాక్టర్ నాకు చెప్పిండు," అన్నాడు. "ఇయ్యాల దాటదని. నేను వచ్చేసరికి నువ్వు పోనంటున్నవు. అక్క పొమ్మనబట్టె. చెప్తె నువ్వు పోవు. నీ పని కరాబైతదని చెప్పలె."

నేను బ్యాగు దించి కింద పెట్టాను.

"అదన్న అయితదనుకున్న," అన్నాడు.

చీర తాలూకు ఆవిడ వచ్చి, "అయిందా అన్నా?" అని అడిగింది.

"రేపు రా అమ్మా," అన్నాడు నాన్న. ఆమె రేపు పెళ్ళికి పోవాలని ఏదో చెబుతూనే ఉంది. ఆయన తలెత్తలేదు. నేను ఆమె చేతికి చీర ఇచ్చి, పక్క సందులో ఇంకో పికో దుకాణం ఉందని చెప్పాను.